పెళ్లిపనుల టెన్షన్: ఏ పని ఎవరి నెత్తిన పెట్టాలి

పెళ్లి వారం రోజులుందనగా పెళ్లికూతురి నాన్నగారి ఫోన్ చూడండి. షామియానా అతను, పూలవాళ్లు, విడిది గది తాళం అడిగే బావగారు, అందరూ ఆయనకే చేస్తారు. సగం టెన్షన్ పుట్టేది అక్కడే.

ఒక పెద్ద నోట్‌బుక్ కొనండి. వంట, హాలు, పూలు, మేళం, ఫొటోలు, బండ్లు, విడిది: పనికో పేజీ. పేజీ పైన ఒక్క మనిషి పేరు, నంబరు. కింద ఒప్పుకున్న మొత్తం, ఇచ్చిన అడ్వాన్సు, తేదీ, బాకీ. ఒకే పనికి ఇద్దరి పేర్లు రాస్తే ఒకరి మీద ఒకరు వదిలేస్తారు. పని అప్పగించిన మనిషి చేతికి కొంత డబ్బు కూడా ఇవ్వాలి, ఓ ఐదువేలైనా. లేకపోతే ప్రతి ఐదొందలకీ ఫోన్ మళ్లీ నాన్నగారికే వస్తుంది.

హాలు అద్దె ఏ గంటకు మొదలై ఏ గంటకు ముగుస్తుందో రసీదు మీద రాయించుకోండి. కరెంటు, జనరేటర్ డీజిల్, క్లీనింగ్ విడిగా కట్టాలా అని ముందే అడగండి. తాళాలు తీసుకోగానే మీటరు ఫొటో తీసుకుంటే ఖాళీ చేసే రోజు వాదన ఉండదు.

భోజనాలకు శుభలేఖల సంఖ్య పనికిరాదు. ఒక్కో కుటుంబం నుంచి ఎంతమంది వస్తారో పేరు పక్కనే రాసి కూడండి. తెల్లవారుజాము ముహూర్తమైతే రాత్రి విందు తిని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. పొద్దున టిఫిన్లకు లెక్క వేరుగా వేయాలి. ఖాయం సంఖ్య ఎన్ని రోజుల ముందు చెప్పాలి, దాటితే ప్లేటుకు ఎంత అన్నది కేటరింగ్ వాళ్లతో తేల్చుకోండి.

ఇక అలకలు. డబ్బుతో తీరనివి ఇవే. బొట్టుపెట్టి పిలవాల్సిన ఇళ్లు, ఫోన్ చేస్తే సరిపోయే ఇళ్లు అని రెండు జాబితాలు రాసి ఇంట్లో పెద్దావిడకు ఒకసారి చదివి వినిపించండి. మర్చిపోయిన మేనత్త అత్తగారింటివాళ్లు అప్పుడే గుర్తొస్తారు. పెట్టుబడి చీరలు లెక్క కంటే ఐదు ఎక్కువ తెచ్చి, వాటి మీద ఎవరి పేరూ రాయకుండా ఉంచండి.

పురోహితుడి సామగ్రి జాబితా పదిహేను రోజుల ముందే తీసుకోండి. పీటల మీద కూర్చున్నాక వెతుక్కునే వస్తువులు దాదాపు ఎప్పుడూ ఇవే: మంగళసూత్రాలు, మట్టెలు, అడ్డతెర, మధుపర్కాలు, కంకణాలు, తలంబ్రాల బియ్యం. వీటిని ఒకే సంచిలో పెట్టి పిన్నికో పెద్దమ్మకో ఇవ్వండి. ఆ రోజు ఆవిడకు వేరే పని చెప్పకండి. జీలకర్ర బెల్లం మాత్రం ముందు రోజే నూరిపెట్టొద్దు. బెల్లం చెమ్మ పీల్చి జారుగా అవుతుంది, తమలపాకు మీద నిలవక నుదుటి మీదికి కారుతుంది. గట్టి బెల్లంతో, నీళ్లు చల్లకుండా, ముహూర్తానికి గంటా రెండు గంటల ముందు నూరించండి.

కన్యాదానం చేసేవాళ్లు ఉపవాసం ఉంటారు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడుతుంటే ఆ రోజు డోసు సంగతి వారం ముందే డాక్టరుని అడగాలి. పాలు, పళ్లు తీసుకోవచ్చా అన్నది పురోహితుణ్ణి అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.

రోజుల తరబడి నిద్రపట్టక, గుండెదడ, ఊరికే ఏడుపు వస్తుంటే పెళ్లి హడావిడిలే అని తోసేయకండి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

రాత్రి ముహూర్తమైతే ఆ మధ్యాహ్నం అమ్మాయి, అబ్బాయి ఎవరి విడిదిలో వాళ్లు మూడు గంటలు పడుకోవాలి. ఫోన్ తమ్ముడి చేతిలో, గది తాళం కూడా వాడి దగ్గరే.