క్రైమ్ సినిమాలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూడండి

పాత క్రైమ్ సినిమా పెట్టుకుంటే చాలామంది కళ్లు ఒక్కదాని మీదే ఉంటాయి, చేసింది ఎవరు, ఎప్పుడు దొరుకుతాడు. అది తేలగానే సినిమా అయిపోయినట్టే. నేను మాత్రం ప్రతి సీన్‌లో ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరికి ఎవరు కనబడుతున్నారు అని చూడమంటాను. ఈ రెండూ పట్టుకోవడం వస్తే డైరెక్టర్ పనితనం చాలావరకు తెలిసిపోతుంది. ఇది నేర్చుకోవడానికి జపాన్ డైరెక్టర్ అకిరా కురొసావా 1963లో తీసిన 'హై అండ్ లో'ని మించిన సినిమా నాకు కనబడలేదు.

కథ ముందే చెప్పేస్తున్నా, తెలిసినా నష్టం లేదు. యొకొహామాలో గుట్ట మీద పెద్ద ఇంట్లో ఉండే గోండో ఒక షూ కంపెనీలో పెద్ద హోదాలో ఉంటాడు, ఆ పాత్ర తోషిరో మిఫునె వేశాడు. కంపెనీని తన చేతిలోకి తెచ్చుకోవడానికి ఇల్లుతో సహా అన్నీ తాకట్టు పెట్టి డబ్బు కూడగడతాడు. సరిగ్గా అప్పుడే ఫోన్, నీ కొడుకు నా దగ్గరున్నాడు, 3 కోట్ల యెన్లు ఇవ్వమని. తీరా చూస్తే కిడ్నాపర్ పొరపాటున ఎత్తుకెళ్లింది డ్రైవర్ కొడుకుని. అయినా డబ్బు గోండోనే ఇవ్వాలంటాడు. ఇస్తే గోండో రోడ్డున పడతాడు, ఇవ్వకపోతే పసివాడి ప్రాణం పోతుంది. మన ఫిల్మ్‌నగర్ బస్తీలో నిలబడి తలెత్తితే పైన జూబ్లీహిల్స్ బంగ్లాలు ఎలా కనిపిస్తాయో, కింద ఉక్కలో ఉన్న ఆ కిడ్నాపర్‌కి గోండో ఇల్లు అలా కనిపిస్తుంది.

దయచేసి ఫోన్‌లో చూడకండి. ఇది బాగా వెడల్పు ఫ్రేమ్‌లో తీసిన సినిమా, ఒక్కో షాట్‌లో ఏడెనిమిది మంది ఉంటారు, చిన్న స్క్రీన్ మీద మూలన ఉన్న మనిషి అసలు కనబడడు. టీవీ అయినా సరే, లైట్లు తీసేసి చూడండి. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో కళా కార్యక్రమాలు జరిగే లామకాన్ లాంటి చోట ఎప్పుడైనా పాత సినిమాలు వేస్తే అసలు వదలొద్దు, పదిమందితో కలిసి చూస్తే ఆ టెన్షనే వేరు.

మొదటిసారి సబ్‌టైటిల్స్‌తో మామూలుగా చూసేయండి. రెండోసారి సబ్‌టైటిల్స్ ఆపేసి మొదటి గంట ఒక్కటే చూడండి, ఎందుకంటే చదువుతున్నంతసేపు మన కన్ను స్క్రీన్ కిందే ఉండిపోతుంది, పైన జరిగే పని జారిపోతుంది. ఆ గంట దాదాపు అంతా ఒకే హాల్లో జరుగుతుంది, అయినా ఎక్కడా విసుగు రాదు. డ్రైవర్ మీద కన్నేసి ఉంచండి. కొడుకు పోయింది అతనిది, కానీ ఆ హాల్లో అతనికి చోటే లేదు, యజమాని, ఆయన భార్య, పోలీసులు మాట్లాడుకుంటుంటే తల దించుకుని ఓ పక్కన నిలబడతాడు. అతను కదిలి ముందుకొచ్చి బతిమాలినప్పుడు మన గుండె ఎందుకు పట్టేసినట్టవుతుందో అప్పుడు అర్థమవుతుంది, అంతసేపూ అతన్ని వెనకే ఉంచిన లెక్క అది. గోండో ఎవరికి వీపు చూపిస్తున్నాడో కూడా గమనించండి.

తర్వాత కర్టెన్లు. కింద నుంచి కిడ్నాపర్‌కి ఈ ఇల్లు కనబడుతుంది కాబట్టి కర్టెన్ తెరిస్తే చాలు, పోలీసులు నేలకి కరుచుకుపోవాలి. ఒక్క గుడ్డ పక్కకి జరిగితే ఎవరి చేతిలో ఎవరున్నారో మారిపోతుంది. నాకు ఈ సినిమాలో బాగా ఇష్టమైన ఘట్టం మాత్రం ఇంకొకటి. డబ్బు పెట్టే బ్యాగుల్లో ఆనవాలు కోసం క్యాప్సూళ్లు దాచాలి, అప్పుడు గోండో తన పాత చెప్పులు కుట్టే పనిముట్లు తెప్పించుకుని నేల మీద కూర్చుని తనే ఆ పని చేస్తాడు. అతను ఎక్కడి నుంచి పైకొచ్చాడో, ఇప్పుడు మళ్లీ ఎక్కడికి దిగబోతున్నాడో ఆ చేతుల్లోనే ఉంది.

రైలు సీన్ గురించి ఎక్కువ చెప్పను. డబ్బు బ్యాగుల్ని పరుగెత్తే రైలు బాత్రూమ్ కిటికీలోంచి బయటికి విసరాలి, ఆ కిటికీ తెరుచుకునేది 7 సెంటీమీటర్లే, ఈ సీన్‌ని నిజమైన రైల్లో చాలా కెమెరాలు పెట్టి ఒకేసారి తీశారు. గంటసేపు గదిలో కూర్చోబెట్టిన కురొసావా ఒక్కసారిగా మనల్ని ఆ వేగంలోకి తోస్తాడు. రెండో సగంలో గోండో పక్కకి తప్పుకుంటాడు, కథ పోలీసుల చేతికి వస్తుంది, అక్కడ చెమట చూడండి, ఫ్యాన్లు, చేతిరుమాళ్లు. బ్లాక్ అండ్ వైట్ సినిమాలో ఒకేఒక్క చోట రంగు వస్తుంది, అదెక్కడో, ఎందుకో మీరే పట్టుకోండి.

సినిమా అయ్యాక ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు 'బాగుంది' దగ్గర ఆగకండి. గోండో మనసు మార్చుకునే ముందు ఆ హాల్లో డ్రైవర్ ఎక్కడున్నాడు, భార్య ఎక్కడుంది అని అడగండి. జవాబులు కలవకపోతే ఆ పది నిమిషాలు వెనక్కి తిప్పి మళ్లీ వేయండి.