హైడ్రోజన్ ఎప్పుడు అంటుకుంటుంది? చిన్న మోడల్‌తో లెక్కకట్టడం ఎలా?

రెండు హైడ్రోజన్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు కలిస్తే రెండు నీటి అణువులు. ఈ ఒక్క సమీకరణానికి ఒక రేటు తగిలించి సిమ్యులేషన్ నడిపేసేవాళ్లు చాలామంది. దయచేసి అలా చేయకండి. మంట ఎంత వేడెక్కుతుందో అది చెబుతుంది కానీ, ఎప్పుడు అంటుకుంటుందో చెప్పలేదు. అంటుకునే ముందు గ్యాస్ కాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. లోపల మాత్రం రాడికల్స్, అంటే దేనితోనైనా ఇట్టే కలిసిపోయే అస్థిర కణాలు, పెరుగుతుంటాయి. మనకు కావలసింది ఆ కాసేపు ఎంతన్నదే.

1. సరంజామా. ల్యాప్‌టాప్, పైథాన్, రసాయన చర్యల్ని లెక్కకట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ కాంటెరా చాలు. గాలిలో 29.6 శాతం హైడ్రోజన్, ఒక అట్మాస్ఫియర్ పీడనం పెట్టి, 850 నుంచి 1300 కెల్విన్ దాకా 50 చొప్పున పెంచుతూ ముందు పూర్తి మోడల్‌ని, అంటే మధ్యలో జరిగే రసాయన చర్యలన్నీ ఉన్నదాన్ని, నడపండి. ఉష్ణోగ్రత అన్నిటికన్నా వేగంగా ఎగబాకిన క్షణమే అంటుకున్న క్షణం. ఓహెచ్ అనే రాడికల్ శిఖరాన్ని చూసి చెప్పే పద్ధతి వద్దు.

2. చర్యలు తగ్గించడం. ఒక్కో చర్య తీసేసి చూడండి. అంటుకునే సమయం 5 శాతం లోపే మారితే అది అక్కర్లేదు. శాన్ డియాగో మోడల్ అనే పేరున్న పూర్తి మోడల్లోని 21 చర్యలను 12కి కుదించిన రూపం 2011లోనే వచ్చింది, మీరూ దాదాపు అక్కడికే చేరతారు. హైడ్రోజన్, ఆక్సిజన్ అణువులు ఢీకొని మొదటి రాడికల్స్ పుట్టించే చర్యను మాత్రం తీయకండి. మంటలో దాని వాటా చాలా తక్కువని తీసేసిన ఒక కుర్రాడు రెండు రోజులు సాల్వర్‌ని, అంటే సమీకరణాలు సాధించే ప్రోగ్రామ్‌ని, అనుమానించాడు. స్క్రీన్ మీద ఉష్ణోగ్రత గీత బల్లపరుపుగా అలాగే పడుకుని ఉంది.

3. స్టెడీ స్టేట్. చెడేదంతా ఇక్కడే. హైడ్రోజన్ పరమాణువు ఆక్సిజన్‌ని ఢీకొంటే దానికి రెండు దారులు. ఒక దారిలో ఓహెచ్, ఆక్సిజన్ పరమాణువు పుట్టి, అవి మళ్లీ హైడ్రోజన్‌తో కలిసి, ఒక్క పరమాణువు కాస్తా మూడవుతుంది. రెండో దారిలో పక్కనున్న మరో అణువు తగిలి శక్తిని లాగేసుకుంటుంది. అప్పుడు హెచ్ఓ2 అనే మందకొడి రాడికల్ మిగులుతుంది. వేడి పెరిగితే మొదటిది గెలుస్తుంది, పీడనం పెరిగితే రెండోది. ఒక అట్మాస్ఫియర్ దగ్గర రెండూ సమానమయ్యేది సుమారు 950 కెల్విన్ వద్ద. దాన్నే క్రాసోవర్ అంటాం. ఇలాంటి గొలుసు చర్యల గుట్టు విప్పిన రసాయన శాస్త్రవేత్తలు హిన్షెల్‌వుడ్, సెమెనోవ్‌లు 1956లో నోబెల్ పంచుకున్నారు. ఒక్క సమీకరణంతో సరిపెడితే వాళ్లు చూపించిందంతా పక్కన పడేసినట్టే.

ఒక రాడికల్‌ని స్టెడీ స్టేట్‌లో పెట్టడమంటే, అది పుట్టిన వెంటనే ఖర్చయిపోతుందని ఒప్పుకోవడం. హైడ్రోజన్ పుష్కలంగా ఉంటే ఓహెచ్, ఆక్సిజన్ పరమాణువుల విషయంలో అది పరవాలేదు. హైడ్రోజన్ పలచగా ఉన్నా, సరిపాళ్లలో ఉన్నా అవి అంత తొందరగా ఖర్చు కావు, పోగుపడతాయి. మోడల్ మాత్రం అవన్నీ అప్పుడే హైడ్రోజన్ పరమాణువులైపోయాయని లెక్కేసి, అసలు సమయం కన్నా ముందే అంటించేస్తుంది. అందుకే క్రాసోవర్ పైన ఆ మొదటి దారి రేటుని తగ్గించే దిద్దుబాటు గుణకం పెట్టి తీరాలి. అక్కడ హైడ్రోజన్ పరమాణువుని మాత్రం అసలు స్టెడీ స్టేట్‌లో పెట్టొద్దు.

క్రాసోవర్ కింద సంగతి వేరు. అక్కడ హైడ్రోజన్ పెరాక్సైడ్ మెల్లగా పోగై, విడిపోయి రెండేసి ఓహెచ్‌లు ఇస్తేనే గ్యాస్ అంటుకుంటుంది. దాన్ని స్టెడీ స్టేట్‌లో పెట్టారంటే సమయం పూర్తిగా తప్పుతుంది. 1200 కెల్విన్ దగ్గర చక్కగా కుదిరిందని సంబరపడి ఆపేయకండి. 900 దగ్గర కూడా కుదరాలి.

4. సరిచూడడం. రాడికల్స్ మొదట్లో అత్యల్పంగా ఉంటాయి కాబట్టి సాల్వర్ అబ్సల్యూట్ టాలరెన్స్‌ని, అంటే అది సహించే తప్పు హద్దుని, 10 ఘాతం మైనస్ 15 దగ్గర పెట్టండి. గాలిలో ఆవిరి ఉంటే ఇంకో జాగ్రత్త కావాలి. రెండో దారిలో శక్తిని లాగేసుకోవడంలో నీటి అణువు నైట్రోజన్ కన్నా ఎన్నో రెట్లు బలమైనది. ఆ బలం ఎన్ని రెట్లన్న విలువ మోడల్ ఫైల్లో ఉందో లేదో చూసుకుని, పొడి గాలితో ఒకసారి, తడి గాలితో ఒకసారి నడిపి, రెండు గీతల్నీ పూర్తి మోడల్ గీతల పక్కన పెట్టి చూడండి.