పేరు రాయించుకోకుండా ఇవ్వడం ఎలా

మందిరంలో ఫ్యాను రెక్కల మీద, గోడ గడియారం మీద, గుమ్మం పక్కన గ్రానైటు పలక మీద ఇచ్చినవాళ్ల పేర్లు ఉండటం మన క్రైస్తవ సంఘాల్లో మామూలైపోయింది. ఫ్యాను ఇవ్వడం మంచి పనే. అయితే మనుషులు చూడాలని ఇచ్చినవాళ్లకు రావలసిన ఫలం అప్పుడే ముట్టిపోయిందని మత్తయి 6వ అధ్యాయం మొదట్లోనే యేసు ప్రభువు చెప్పాడు. రెండో సమూయేలు 18వ అధ్యాయం 17, 18 వచనాలు కలిపి చదవండి. తన పేరు నిలపడానికి కొడుకులు లేరని దావీదు రాజు కొడుకు అబ్షాలోము బతికుండగానే రాజు లోయలో స్తంభం ఎత్తించుకున్నాడు. చివరికి అతని శవాన్ని అడవిలో గోతిలో పడేసి పైన రాళ్ల కుప్ప పోశారు.

పని ఇంట్లో మొదలవ్వాలి. జీతం పడిన రోజే దశమభాగం పక్కన పెట్టండి. 24,000 వస్తే 2,400. రోజుకూలి 700 అయితే ఆ సాయంత్రమే 70 డబ్బాలో వేయాలి. సేద్యం చేసేవాళ్లు పంట డబ్బు చేతికొచ్చిన రోజు తీయాలి. ఖర్చులు పోను మిగిలింది ఇద్దామనుకుంటే ఏ నెలా మిగలదు, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. డబ్బు తక్కువగా ఉన్న ఇళ్లలో పిడికెడు బియ్యం పద్ధతి ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు వేరే డబ్బాలో వేస్తారు. పిడికెడు సుమారు 40 గ్రాములనుకున్నా, రెండు పూటలా తీస్తే నెలకు దాదాపు రెండున్నర కిలోలు.

రహస్యంగా ఇవ్వడమంటే ఇంట్లోవాళ్ల దగ్గర దాచడం అనుకోవద్దు. ఎంత ఇవ్వాలో భార్యాభర్తలు కలిసి అనుకోవాలి. అప్పు తెచ్చి ఇవ్వకండి. అమ్మానాన్నల మందుల డబ్బు ఆపి అసలే ఇవ్వకండి. దేవునికి ఇచ్చేశాం, కొర్బాను అని చెప్పి తల్లిదండ్రులను వదిలేసినవాళ్లను ప్రభువు ఎంత గట్టిగా మందలించాడో మార్కు 7వ అధ్యాయంలో ఉంది.

ఆదివారం పేరు లేని తెల్ల కవరులో పెట్టి కానుకల సంచిలో వేయండి. ఫలానావారు ఇంత ఇచ్చారని మైకులో చదివే అలవాటు మీ సంఘంలో ఉంటే, శనివారమే పాస్టరు గారిని కలిసి, "అయ్యగారూ, మా పేరు చదవొద్దండీ" అని అడగండి. ఆరాధన మధ్యలో లేచి వద్దంటే అందరి కళ్లూ మీ మీదే పడతాయి. ఫ్యానో, మైకుసెట్టో కొనేటప్పుడు పేరు రాయవద్దని దుకాణంలో ముందే చెప్పండి. రాసేశాక చెరిపితే మరక మిగులుతుంది.

పెద్ద మొత్తం మాత్రం ఒకరి చేతిలో నోట్ల కట్టగా పెట్టకండి. సంఘం ఖాతాలో వేసి, కోశాధికారి దగ్గర రసీదు తీసుకోండి. సంచిలో పడినది ఇద్దరు కలిసి లెక్కపెట్టి సంతకాలు చేయాలి. యెరూషలేము పరిశుద్ధుల కోసం, అంటే అక్కడి విశ్వాసుల కోసం, పోగైన సొమ్ము విషయంలో ప్రభువు ఎదుటే కాక మనుషుల ఎదుట కూడా సరిగా ఉండాలని అపొస్తలుడైన పౌలు జాగ్రత్తపడ్డాడు (2 కొరింథీ 8:20, 21). పేరు దాగాలి గానీ లెక్క దాగకూడదు. లెక్క అడిగితే విశ్వాసం లేదనే మాటకు లొంగకండి.

కష్టంలో ఉన్న కుటుంబానికి సాయం చేసేటప్పుడు ఫోటో వద్దు. పిల్లల ఫీజు బడి కార్యాలయంలోనే కట్టి, రసీదు ఆ బిడ్డ పేరున రాయించండి. మందుల దుకాణంలో బాకీ ఉంటే అక్కడే తీర్చండి. క్రిస్మస్ భోజనానికి తిరిగి పిలవలేని ఇంటివాళ్లను ముందు పిలవండి (లూకా 14:12-14).

పేరు ఆశ పోయిందనుకున్న చోటే అది ఇంకో దారిలో వస్తుంది. సంఘంలో సాక్ష్యం చెప్పేటప్పుడు ఎంత ఇచ్చామో ఆ అంకె చెప్పాలనిపిస్తుంది. ప్రార్థన అంశం చెబుతున్నట్టుగా మనం చేసిన సాయం బయటపెడతాం. మీరు ఆదుకున్న మనిషి దారిలో పలకరించకుండా వెళ్తే మనసు చివుక్కుమంటుంది. అలా అనిపించిన రాత్రే ఆ మనిషి పేరు చెప్పి ప్రార్థించండి. వీలైతే ఆ నెలలోనే అదే ఇంటికి ఇంకోసారి, ఎవరు పంపారో తెలియకుండా, సరుకులు చేర్చండి. ఆ చివుక్కుమనడం తగ్గేదాకా ఇలా చేయాల్సిందే. చాలామందికి ఒక్కసారితో తగ్గదు.

ఇప్పటికే మీ పేరుతో పలక ఉంటే పగలగొట్టించకండి, దాన్నీ ఊరంతా చెప్పుకుంటుంది. ఈసారి మందిరానికి రంగులు వేయించేటప్పుడు పెద్దలతో నెమ్మదిగా మాట్లాడి, అదే పలకను వెనక్కి తిప్పించి, ఆ వైపున ఒక వాక్యం చెక్కించండి.