వరుస దశలను లెక్కగట్టడం ఎలా? వ్యవసాయ బోరుతో పూర్తి ఉదాహరణ

బోరు నీళ్లు పొలానికి చాలడం లేదంటే మొదట వినిపించే సలహా పెద్ద మోటారు వేయమని. ఐదు హెచ్‌పీ ఉన్నచోట ఏడున్నర, ఏడున్నర ఉన్నచోట పది. మోటారు మారుతుంది, అప్పు పెరుగుతుంది, చాలాసార్లు మడిలో పారే నీళ్లు మాత్రం అంతే ఉంటాయి. కరెంటు స్తంభానికీ పంట వేరుకూ మధ్య ఉన్న అరడజను దశల్లో మోటారు ఒకటి మాత్రమే. ఏ దశలో ఎంత పోతోందో తెలియకుండా ఒకదాన్ని మార్చితే ఫలితం అదృష్టం మీద ఆధారపడుతుంది.

ఆ సంగతి తెలుసుకోవడానికి ఇంజినీరింగ్ చదవనక్కర్లేదు. కూడిక, గుణకారం, రెండు సంఖ్యల్లో చిన్నది ఏదో గుర్తించడం, ఈ మూడూ చాలు. ఎక్కడ ఏది వాడాలన్నదే అసలు ప్రశ్న. ఒక బోరును తీసుకుని మొదటి నుంచి చివరి దాకా లెక్క వేద్దాం. మీ బోరు సంఖ్యలు వేరుగా ఉంటాయి, పద్ధతి ఇదే.

1. దశలను వరుసగా రాసుకోండి

కాగితం మీద ఎడమ నుంచి కుడికి రాయండి: ట్రాన్స్‌ఫార్మర్, స్టార్టర్, కేబుల్, మోటారు, పంపు, పైపు, మడి. ఒక్కో దశలోకి ఏం వస్తోంది, ఏం బయటికి పోతోంది అన్నది దాని కింద రాయండి. మోటారులోకి కరెంటు వస్తుంది, ఇరుసు తిరిగే శక్తి బయటికి పోతుంది. పంపులోకి ఆ తిరిగే శక్తి వస్తుంది, పైకి లేచే నీళ్లు బయటికి పోతాయి. మడిలోకి నీళ్లు వస్తాయి, వేళ్లకు కొంత అందుతుంది, మిగతాది ఆవిరై పోతుంది లేదా వేళ్లకు అందని లోతుకు ఇంకిపోతుంది.

ఈ పని విసుగనిపించినా వదిలేయకండి. లెక్కలో దొర్లే తప్పుల్లో ఎక్కువ భాగం ఒక దశను మరిచిపోవడం వల్ల వచ్చేవే. మోటారు, పంపు ఒకే గొట్టంలా కలిసి ఉంటాయి కాబట్టి రెంటినీ ఒకటిగా లెక్కవేసేస్తారు. అవి రెండు దశలు, వాటి నష్టాలు వేరు.

2. ప్రతి దశనూ ఒక ప్రశ్న అడగండి

ఈ దశ ఏం చేస్తోంది? జవాబు మూడు రకాల్లో ఒకటి అవుతుంది.

"తన వంతుగా ఇంత జోడిస్తుంది" అన్నది జవాబైతే కూడాలి. ఎత్తులు, తీగల నిరోధాలు, పట్టే సమయం ఈ రకం.

"వచ్చినదాంట్లో ఇన్నో వంతు మాత్రమే ముందుకు పంపుతుంది" అన్నది జవాబైతే గుణించాలి. దక్షత ఈ రకం.

"ఇంతకు మించి పోనివ్వదు" అన్నది జవాబైతే అన్నింటిలో చిన్న సంఖ్య తీసుకోవాలి. ప్రవాహం ఈ రకం.

ఒకే వస్తువుకు మూడు జవాబులూ ఉండవచ్చు. పైపు ఘర్షణ రూపంలో పంపు ఎత్తాల్సిన ఎత్తును పెంచుతుంది, శక్తిలో కొంత వంతు తినేస్తుంది, ప్రవాహానికి హద్దు కూడా పెడుతుంది. అందుకే "ఈ వస్తువును ఎలా లెక్కించాలి" అని కాకుండా "దీనిలో ఏ గుణాన్ని లెక్కిస్తున్నాను" అని అడగాలి.

3. నీళ్లను కొలవండి

మన పల్లెల్లో బోరు నీళ్లను అంగుళాల్లో చెబుతారు: రెండు అంగుళాల నీళ్లు పడ్డాయి, మూడు అంగుళాలు పడ్డాయి. బోరు వేసిన రోజు ఉత్సాహానికి అది సరిపోతుంది, లెక్కకు పనికిరాదు. 200 లీటర్ల డ్రమ్మును పైపు చివర పెట్టి, ఫోనులో సమయం చూసుకోండి. మన ఉదాహరణలో డ్రమ్ము నిండడానికి 67 సెకన్లు పట్టింది. అంటే సెకనుకు దాదాపు 3 లీటర్లు.

ఈ సంఖ్యకు గంటల లెక్క కలిపి చూడండి. రోజుకు 9 గంటలు కరెంటు ఉంటే 97,200 లీటర్లు వస్తాయి. ఎకరం నేల మీద ఒక అంగుళం ఎత్తున నీళ్లు నిలవాలంటే 1 లక్షా 3 వేల లీటర్లు కావాలి. కాబట్టి ఈ బోరు కరెంటున్న 9 గంటలూ నడిచినా ఎకరానికి ఒక అంగుళం తడి పూర్తిగా ఇవ్వలేదు. ఎన్ని ఎకరాలు వేయాలన్న నిర్ణయానికి ఈ ఒక్క లెక్క చాలా దూరం పనికొస్తుంది.

4. ఎత్తులను కూడండి

మోటారు నడుస్తున్నప్పుడు బోరులో నీటి మట్టం 45 మీటర్ల లోతున ఉందనుకుందాం. నడుస్తున్నప్పటి మట్టమే కావాలి. మోటారు ఆపాక నీరు పైకి లేస్తుంది, ఆ సంఖ్య వాడితే లెక్క మొదట్లోనే తప్పుతుంది. పొలం చివర నేల 3 మీటర్లు ఎత్తుగా ఉంది. ఈ రెండూ కలిపి 48 మీటర్లు.

ఇక పైపులో ఘర్షణ. లోపలి వ్యాసం 2 అంగుళాలు ఉన్న పీవీసీ పైపులో సెకనుకు 3 లీటర్లు పారితే ప్రతి 100 మీటర్లకూ సుమారు 5 మీటర్ల ఎత్తు ఘర్షణకు పోతుంది, అంటే నీళ్లను మరో 5 మీటర్లు పైకి ఎత్తినంత శ్రమ. బోరులో 60 మీటర్లు, నేల మీద 240 మీటర్లు, మొత్తం 300 మీటర్ల పైపు. ఘర్షణ 15 మీటర్లు.

మొత్తం 45 + 3 + 15 = 63 మీటర్లు. పంపు దృష్టిలో ఈ బోరు 48 మీటర్లది కాదు, 63 మీటర్లది. అడ్డంగా వేసిన పైపు కూడా నిలువు ఎత్తులాగే బరువవుతుందన్న సంగతి పంపు కొనేటప్పుడు చాలామంది పట్టించుకోరు.

5. దక్షతలను గుణించండి

సెకనుకు 3 లీటర్లను 63 మీటర్లు ఎత్తడానికి కావలసిన శక్తి: 9.81 × 3 × 63 = 1,854 వాట్లు, అంటే సుమారు 1.85 కిలోవాట్లు. ఇందులో 9.81 భూమి ఆకర్షణకు సంబంధించిన స్థిర సంఖ్య.

మోటారు లాగుతున్న కరెంటు కొలవడానికి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. అతని దగ్గర టాంగ్ టెస్టర్ ఉంటుంది, తీగ చుట్టూ పట్టుకారులా పట్టించి కరెంటు కొలిచే పరికరం అది. తడి చేతులతో, తడి నేల మీద నిలబడి స్టార్టర్ పెట్టె మీరే తెరవకండి. మన బోరులో 400 వోల్టులు, ఒక్కో ఫేజుకు 8.2 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనిచేసే వంతు) 0.81 అనుకుందాం. మూడు ఫేజుల లెక్క (1.732 అంటే మూడు వర్గమూలం): 1.732 × 400 × 8.2 × 0.81 = 4,600 వాట్లు. 4.6 కిలోవాట్లు లోపలికి పోతే 1.85 నీటికి చేరుతోంది. అంటే 40 శాతం.

మిగతా 60 శాతం ఎక్కడ పోయింది? 150 మీటర్ల రాగి కేబుల్‌లో దాదాపు 140 వాట్లు వేడిగా పోతాయి కాబట్టి కేబుల్ దక్షత 0.97. మోటారు 0.77, పంపు 0.54 అనుకుంటే 0.97 × 0.77 × 0.54 = 0.40. కొలత, లెక్క సరిపోయాయి.

ఇంకా ముందుకు వెళ్దాం. 63 మీటర్లలో 48 మాత్రమే పనికొచ్చే ఎత్తు, కాబట్టి పైపు దక్షత 48 ÷ 63 = 0.76. మడి కట్టి నీళ్లు పారిస్తే వేళ్లకు అందేది సుమారు 60 శాతమని అంచనా. అయిదింటినీ గుణిస్తే 0.97 × 0.77 × 0.54 × 0.76 × 0.60 = 0.18.

స్తంభం దగ్గర వంద పాళ్లు బయల్దేరితే వేరు దగ్గర పద్దెనిమిది. ఇదే అయిదు సంఖ్యల సగటు తీస్తే 73 శాతం వస్తుంది, వ్యవస్థ బాగానే ఉందనిపిస్తుంది. వరుస దశలకు సగటు ఎన్నడూ తీయకండి.

2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఉచిత కరెంటు మొదలైనప్పటి నుంచి ఈ నష్టం రైతు కంటికి బిల్లు రూపంలో కనిపించదు. కానీ దానికి మూల్యం చెల్లించేది రైతే: కరెంటున్న గంటల్లో తక్కువ నీళ్లు, వేడెక్కి కాలిపోయే వైండింగులు (మోటారు లోపలి తీగ చుట్టలు).

6. ఏ దశను ముందు బాగుచేయాలో నిష్పత్తితో తేల్చండి

గుణకారంలో ఒక మంచి గుణం ఉంది. ఒక దశను మెరుగుపరిస్తే, అది వరుసలో ఎక్కడున్నా, మొత్తం ఫలితం అదే నిష్పత్తిలో పెరుగుతుంది. కాబట్టి ఒక్కో దశలో కొత్త సంఖ్యను పాత సంఖ్యతో భాగించి పోల్చితే చాలు.

కేబుల్: 0.97 నుంచి 0.99కి. 1.02 రెట్లు. దీని కోసం ఖర్చు పెట్టకండి.

పంపు: కరెంటు ఆదాను చూపే స్టార్లు ఎక్కువున్నది వేసి 0.54 నుంచి 0.62కి తెస్తే 1.15 రెట్లు.

పైపు: నేల మీది 240 మీటర్లను రెండున్నర అంగుళాలకు మారిస్తే ఎంత? ఘర్షణ వ్యాసానికి దాదాపు ఐదో ఘాతంలో తగ్గుతుంది. 2 ÷ 2.5 = 0.8, దాని ఐదో ఘాతం 0.33. అంటే ఘర్షణ మూడో వంతుకు పడిపోతుంది, 12 మీటర్లు 4 అవుతాయి. మొత్తం ఎత్తు 55 మీటర్లు, దక్షత 48 ÷ 55 = 0.87. ఇదీ 1.15 రెట్లే. పైపు అరంగుళం పెంచితే కొత్త పంపు వేసినంత మేలు.

మడి: బిందు సేద్యంలో వేళ్లకు 90 శాతం దాకా అందుతుందని అంచనా. 0.60 నుంచి 0.90కి, 1.5 రెట్లు. మిగతావేవీ దీని దరిదాపుల్లో లేవు. ఆంధ్రప్రదేశ్‌లో 2003లో సూక్ష్మ సేద్య పథకం మొదలైనప్పటి నుంచి చెబుతున్న మాట ఇదే, ఇక్కడ మనం సొంత లెక్కతో అక్కడి దాకా వచ్చాం.

అయితే డ్రిప్పుకు దాని సొంత ఎత్తు కావాలి. నీటి ఒత్తిడికి సుమారు 10 మీటర్లు, ఫిల్టరుకు మరికొంత. పైన నాలుగో భాగంలోని ఎత్తుల లెక్కకు తిరిగి వెళ్లి దాన్ని కూడాలి. పైపు మార్చితే మిగిలిన 8 మీటర్లు దాదాపు ఆ లోటు పూడుస్తాయి. అందుకే ముందు పైపు, తర్వాత డ్రిప్పు. ఈ వరుస తప్పితే కొత్త డ్రిప్పు చివరి మొక్కలకు నీళ్లు అందవు, తప్పు డ్రిప్పుదన్న పేరు వస్తుంది.

7. చిన్న సంఖ్యను వెతకండి

ఇప్పుడు పెద్ద మోటారు సలహాకు వద్దాం. భూమి పొరల నుంచి బోరులోకి సెకనుకు 3 లీటర్లే ఊరుతుంటే, 5 లీటర్లు తోడే పంపు వేసినా నిలకడగా వచ్చేది 3 లీటర్లే. మొదటి కొద్దిసేపు ఎక్కువ నీళ్లు కనిపిస్తాయి. అవి బోరులో నిలిచి ఉన్నవి. ఆ తర్వాత మట్టం పడిపోయి నీళ్లు తెగి తెగి వస్తాయి, పంపు గాలి లాగుతుంది, చివరికి మోటారు కాలిపోతుంది. కాబట్టి మోటారు మార్చేముందు ఇప్పుడున్న దాన్నే మూడు నాలుగు గంటలు వరుసగా నడిపి గంటకోసారి డ్రమ్ము పరీక్ష చేయండి. నిండే సమయం గంటగంటకూ పెరుగుతుంటే హద్దు బోరుదే. స్థిరంగా ఉంటే హద్దు పంపుదో పైపుదో కావచ్చు.

మధ్యలో నిల్వ ఉంటే ఈ నియమం కొంత సడలుతుంది. నీటి తొట్టి ఉంటే బోరు నెమ్మదిగా నింపినా పొలానికి వేగంగా వదలవచ్చు. అప్పుడు సెకను లెక్క కాకుండా రోజు లెక్కలో చిన్న సంఖ్యను చూడాలి.

8. ఆగిపోయే రోజులనూ గుణించండి

ట్రాన్స్‌ఫార్మర్, ఫ్యూజు, స్టార్టర్, కేబుల్, మోటారు, పంపు, పైపు: ఏడింటిలో ఏది పాడైనా నీళ్లు ఆగుతాయి. ఒక్కోటీ వందలో 98 రోజులు పనిచేస్తుందనుకుంటే 0.98ని ఏడుసార్లు గుణించాలి. వచ్చేది 0.87. వందలో 13 రోజులు నీళ్లుండవు. జర్మన్ ఇంజినీరు రాబర్ట్ లసర్ పేరుతో ప్రసిద్ధమైన సూత్రం ఇదే.

ఒకటి పాడవడానికి మరొకటి కారణం కాదన్న ఊహ మీద ఈ గుణకారం నిలబడుతుంది. నిజానికి తక్కువ వోల్టేజి వస్తే స్టార్టరూ వైండింగూ కలిసే దెబ్బతినవచ్చు. అందుకే 87ను ఖచ్చితమైన జోస్యంగా తీసుకోకండి. దశలు పెరిగేకొద్దీ నమ్మకం ఎంత వేగంగా తగ్గుతుందో చూపడానికి అది చాలు.

9. మార్చాక మళ్లీ కొలవండి

ఇంతదాకా సెకనుకు 3 లీటర్లు మారదనుకున్నాం. పైపు పెద్దదైతే అడ్డు తగ్గి పంపు ఎక్కువ నీళ్లు తోడుతుంది, 3.3 అనుకుందాం. ఘర్షణ ప్రవాహానికి దాదాపు వర్గంలో పెరుగుతుంది కాబట్టి కొత్త పైపుల్లో లెక్కవేసిన 7 మీటర్లు 8.5 అవుతాయి. నీళ్లు ఎక్కువ లాగితే బోరులో మట్టం కూడా కొంత దిగుతుంది. పంపు కంపెనీ ఇచ్చే పట్టికలో ఎంత ఎత్తుకు ఎన్ని లీటర్లో ఉంటుంది. కొత్త ఎత్తుతో ఆ పట్టిక చూసి, వచ్చిన లీటర్లతో ఘర్షణను మళ్లీ లెక్కవేయండి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే సంఖ్యలు స్థిరపడతాయి.

ఆ తర్వాత డ్రమ్ము పెట్టి చూడండి. లెక్కకూ డ్రమ్ముకూ పదో వంతు తేడా ఉంటే పర్వాలేదు. మూడో వంతు తేడా ఉంటే మొదటి కాగితం తీసి, రాయడం మరిచిన దశ ఏదో వెతకండి: సగం మూసుకుపోయిన ఫిల్టరు, కారుతున్న జాయింటు, నేలలో పగిలిన పైపు.