స్ట్రోబ్ ఫ్లాష్‌తో నాట్యం ఫొటో: ఎక్కడ తేడా కొడుతోంది?

ఒకే ఫ్రేములో అయిదారు భంగిమలు పడాలని స్పీడ్‌లైట్‌ను (కెమెరాకు తగిలించే విడి ఫ్లాష్) మల్టీ మోడ్‌లో పెడతాం, అంటే చీకటి గదిలో షట్టర్ తెరిచి ఉండగానే అది వరసగా చాలాసార్లు వెలుగుతుంది. బెజవాడలో కూచిపూడి నేర్చుకునే పిల్లలకు కొదవ లేదు, మోడల్ సులువుగానే దొరుకుతుంది. కుదరనిది ఫొటోయే.

చేతులు బాగున్నాయి, నడుం దగ్గర తెల్లటి ముద్ద

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. కదిలే చెయ్యి ప్రతి ఫ్లాషుకూ కొత్త చోట పడుతుంది, కదలని నడుం పడ్డచోటే మళ్లీ పడుతుంది. 8 ఫ్లాషులంటే దానిమీద 8 రెట్ల వెలుగు, అంటే 3 స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) ఎక్కువ. చూడగానే అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) మూసేస్తారు. అప్పుడు నడుం కుదురుతుంది, చేతులు మాయమవుతాయి. ఎక్స్‌పోజర్ చేతికే చూసుకోండి, మార్చాల్సింది కదలికను.

నిలబడి పట్టే ముద్రలు వదిలేసి, ఫ్రేములో ఎడమ నుంచి కుడికి సాగే అడుగులు ఎంచుకోండి. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలిచి ముందుకు జరుగుతారే, నా లెక్కలో దీనికి అంతకంటే మంచి ఘట్టం లేదు. నడక నిదానం కాబట్టి 2 హెర్ట్జ్ (సెకనుకు 2 ఫ్లాషులు), మొత్తం 6 ఫ్లాషులతో మొదలుపెట్టండి. ఉన్నచోటే గిరగిరా తిరిగితే మాత్రం నడుం ముద్ద కాక తప్పదు, 3 ఫ్లాషులతో సరిపెట్టుకోండి. జరీ పట్టు వద్దు, ముదురు రంగు ప్రాక్టీస్ చీర మేలు.

8 పెడితే 4 భంగిమలే పడ్డాయి

షట్టర్ ముందే మూసుకుంది. ఫ్లాషుల సంఖ్యను హెర్ట్జ్‌తో భాగించండి, షట్టర్ ఎన్ని సెకన్లు తెరిచి ఉండాలో తేలుతుంది. 4 హెర్ట్జ్‌తో 8 ఫ్లాషులకు 2 సెకన్లు. కాస్త కలిపి 2.5 పెట్టండి.

చివరి భంగిమలు మసగ్గా ఉన్నాయి

పవర్ ఎక్కువైంది. కెపాసిటర్‌లో ఉన్న ఛార్జినే ఫ్లాషులన్నీ పంచుకోవాలి. పూర్తి పవర్‌లో 1/32కో 1/64కో దించి, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచి, ఫ్లాష్‌ను దగ్గరికి జరపండి. మే నెలలో ఏసీ లేని గదిలో తీస్తే ఫ్లాష్ కూడా మనలాగే మొరాయిస్తుంది. పది షాట్లకోసారి పావుగంట ఆపండి.

ఒంట్లోంచి గోడ కనిపిస్తోంది

వెలుగు గోడకూ తగులుతోంది. మోడల్‌ను గోడకు 10 అడుగులు ముందుకు తెచ్చి, ఫ్లాష్ పక్కనుంచి కొట్టి, గోడవైపు చిందే వెలుగుకు నల్ల అట్ట అడ్డం పెట్టండి. వెనక నల్ల వెల్వెట్ కట్టండి, వన్‌టౌన్‌లో తానులోంచి కోయించుకోవచ్చు. శాటిన్ మెరుస్తుంది, పనికిరాదు. డాబా మీద తీస్తుంటే వీధిదీపమూ చేరుతుంది, కదలిక గీతలుగా సాగుతుంది. ఫ్లాష్ ఆపి అదే సెట్టింగుతో ఒకటి తీయండి, ఫ్రేము కటిక నలుపుగా రావాలి.

ఏదీ షార్పుగా లేదు

చీకట్లో ఆటోఫోకస్ తడబడుతుంది. లైటు వేసి ఫోకస్ పట్టి, మాన్యువల్‌కు మార్చి, లైటు ఆర్పండి.

ఇవన్నీ మొదలుపెట్టకముందే, గదిలో మూర్ఛ వచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారేమో అడగండి. వరసగా కొట్టే వెలుగు కొందరికి ఫిట్స్ తెప్పిస్తుంది. పళ్లెం మీదున్న పిల్ల కళ్లలోకి ఫ్లాష్ సూటిగా పడినా తూలిపోతుంది.