గొంతును కొలుద్దాం – 3: అలలు లెక్కపెట్టడం

పోయిన పాఠంలో గొంతు మీద వేళ్లు పెట్టి 'స్స్' అని, తర్వాత 'మ్మ్' అని చూశారు. 'మ్మ్' దగ్గర వేళ్లకు తగిలిన అదురు స్వరతంత్రులది, అంటే గొంతులో గాలికి అదిరే రెండు మడతలది. ఆ అదురు సెకనుకు ఎన్నిసార్లో ఈసారి లెక్కకడదాం.

ముందు రికార్డింగ్. మా ఇల్లు విజయవాడ ఏలూరు రోడ్డు పక్కనే. పగలంతా ఆటో హారన్లే కాబట్టి తెల్లవారుజామున ఐదింటికి కూర్చుంటాను. ఫ్యాన్ ఆపాలి. మే నెల బెజవాడలో ఈ మాట అనడం పాపమే, కానీ ఒక్క నిమిషం పనే. ల్యాప్‌టాప్‌లో రికార్డు చేస్తుంటే చార్జర్ కూడా పీకేయండి. మన కరెంటుకుండే 50 హెర్ట్జ్ (సెకనుకు 50 సార్లు) మోత దాని గుండా దూరుతుంది. మైకును నోటికి జానెడు దూరంలో ఉంచి, మామూలు గొంతుతో మూడు సెకన్లు 'ఆ' అనండి. వేవ్ ఫైలుగా సేవ్ చేసుకోండి.

దాన్ని ప్రాట్‌లో తెరవండి. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బూర్స్మా, డేవిడ్ వేనింక్ తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. మధ్య భాగాన్ని బాగా పెద్దది చేస్తే ఒకే ఆకారం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: ఒక పెద్ద శిఖరం, వెనకే చిన్న చిన్న బొడిపెలు. బొడిపెలు గొంతు, నోటి గూడు ప్రతిధ్వనించడం వల్ల వచ్చేవి, వాటిని వదిలేయండి. పెద్ద శిఖరం నుంచి పక్క పెద్ద శిఖరం దాకా ఒక ఆవృత్తి. తంత్రులు ఒకసారి తెరుచుకుని మూసుకునేంత సేపన్నమాట.

ఇక్కడే నేను మొదట్లో బోల్తా పడ్డాను. పది శిఖరాలు గుర్తుపెట్టాను. మొదటిదానికీ చివరిదానికీ మధ్య 0.072 సెకను. పదిని దానితో భాగిస్తే 139 వచ్చింది. ప్రాట్ మాత్రం 125 అంటుంది. రెండు రోజులు సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకున్నాను. వరసగా పది గుంజలు పాతితే మధ్య ఖాళీలు తొమ్మిదే కదా! 9ని 0.072తో భాగిస్తే సరిగ్గా 125 హెర్ట్జ్.

మామూలు మాటలో మగవాళ్లకు 100 నుంచి 130 దాకా, ఆడవాళ్లకు 200 చుట్టూ ఉండటం ఎక్కువ. అలాగని సాఫ్ట్‌వేర్‌ని గుడ్డిగా నమ్మొద్దు. వాక్యం చివర గొంతు జీరబోయిన చోట ఒక్కోసారి రెండు ఆవృత్తుల్ని ఒకటిగా లెక్కేసి సగమే చూపిస్తుంది.

ఇప్పుడు 'అక్క', 'అగ్గి' అనండి. 'క్క' దగ్గర గీత దాదాపు చదును. 'గ్గ' దగ్గర నాలుక వెనక భాగం దారి మూసేసినా చిన్న అలలు సాగుతూనే ఉండి, మెల్లగా సన్నబడతాయి. బయటికి దారి లేక నోట్లో గాలి ఒత్తిడి పెరుగుతుంది, దాంతో తంత్రుల్ని కదిపే గాలి ప్రవాహం తగ్గిపోతుంది.

ఇంతవరకూ మనం కొలిచింది నోరు దాటి వచ్చిన శబ్దాన్నే, తంత్రుల్ని కాదు. వాటి కదలికను ఇంకా దగ్గరగా పట్టుకునే పద్ధతిని 1957లో ఫ్రాన్స్‌కు చెందిన ఫిలిప్ ఫాబ్ర్ వివరించాడు. గొంతుకు రెండు పక్కలా లోహపు బిళ్లలు ఆనించి, మనకు తెలియనంత చిన్న కరెంటు పంపుతారు. తంత్రులు ఆనుకుంటే అది సులువుగా దాటుతుంది, విడిపోతే అడ్డు పెరుగుతుంది. ఆ గీతను చదవడం నాలుగో పాఠంలో.

ఈలోగా 'అత్త', 'అద్దం' చేసి చూడండి. గుసగుసగా 'ఆ' అని కూడా రికార్డు చేసి శిఖరాలు వెతకండి. దొరక్కపోతే టెన్షన్ వద్దు, తప్పు మైకుది కాదు.