బేరసారాల వార్తలు చదువుతూ పెద్ద ఇంగ్లీషు మాటలు పట్టుకోవడం ఎలా

ఇంగ్లీషు మామూలుగా వచ్చు, మెయిల్ రాయగలరు, వార్త చదివితే విషయం అర్థమవుతుంది, కానీ ఎడిటోరియల్ పేజీకి వచ్చేసరికి పేరాకి రెండు మూడు మాటల దగ్గర ఆగిపోతున్నారు. అలాంటివాళ్ళ కోసం రాస్తున్నానండీ ఇది. ఇప్పుడిప్పుడే ఇంగ్లీషు మొదలుపెట్టినవాళ్ళకి దీంతో ఇంకా పని లేదు.

వెయ్యి కష్టమైన పదాలు అంటూ ఫోన్‌లో ఏదైనా పీడీఎఫ్ దాచుకుని ఉంటే ముందు దాన్ని పక్కన పెట్టండి. అబేట్, అబ్జూర్, అబ్రొగేట్ అని అక్షరాల వరుసలో బట్టీ పడుతూ పోతే ‘సి’ దాటేలోపే మొదట చదివినవి పోతాయి. దాని బదులు ఒక్క విషయం పట్టుకుని వారాల తరబడి దాని మీదే చదవండి. స్టీఫెన్ క్రాషెన్ అనే అమెరికన్ భాషావేత్త నేరో రీడింగ్ అని చెప్పేది ఇదే. ఒకే సంగతి మీద పదిమంది రాసింది చదివితే అవే మాటలు మళ్ళీ మళ్ళీ తగులుతాయి, ప్రతిసారీ కాస్త వేరే సందర్భంలో, వేరే మాటల పక్కన. గుర్తుపెట్టుకోవాలని కూర్చుని కష్టపడే పని సగం తగ్గిపోతుంది.

ఆ ఒక్క విషయం బేరసారాలైతే మేలని నా ఉద్దేశం. క్రికెట్ కూడా ఒక విషయమే, ఇష్టంగా చదువుతాం కూడా, కానీ అక్కడ నేర్చుకున్న మాటల్లో చాలావరకు గ్రౌండ్ దాటి బయటికి రావు. నెగోషియేషన్ మాటలు అలా కాదు, అవి ఆఫీసు మెయిల్లో, కోర్టు తీర్పులో, ఎన్నికల పొత్తుల వార్తల్లో, జీతం మాట్లాడుకునేటప్పుడు, పరీక్ష పేపర్లో, అన్నిచోట్లా కనిపిస్తాయి.

పైగా గోదావరి జిల్లాల వాళ్ళకి ఇందులో సగం పాఠం ముందే వచ్చు. అంబాజీపేటలో కొబ్బరికాయలు, రావులపాలెంలో అరటి గెలలు, కౌలు మాటలు, ధాన్యం తేమ 17 శాతం దాటిందని తరుగు తీస్తానంటే మిల్లు దగ్గర జరిగే వాదన, ఇవన్నీ చూస్తూనే పెరిగాం కదా. రొయ్యల చెరువు పట్టుబడికి వచ్చింది, ఇంకో నాలుగు రోజులు ఉంచితే వైట్‌స్పాట్ జబ్బు భయం, అమ్మక తప్పదు. ఆ సంగతి బయ్యరుకి తెలుసు. అప్పుడు అతని చేతిలో ఉన్న ఆ పట్టే లెవరేజ్. ‘ఇవాళ కౌంటుకి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేటు పడిపోయిందండీ’ అన్నాడు, అది నిజం కాకపోతే బ్లఫ్. ఈ బేరం చెడినా ఫలానా రేటుకి కొనడానికి ఇంకో ఏజెంటు సిద్ధంగా ఉన్నాడనుకోండి, అది మీ బాట్నా. బెస్ట్ ఆల్టర్నేటివ్ టు అ నెగోషియేటెడ్ అగ్రీమెంట్ అన్నదానికి ఈ బాట్నా అనే పొట్టి పేరుని 1981లో హార్వర్డ్‌కి చెందిన రోజర్ ఫిషర్, విలియం యూరీ తమ పుస్తకంలో వాడారు, అప్పటినుంచి బేరం మీద రాసేవాళ్ళు దాన్ని వదల్లేదు. పరిస్థితి తెలిసినవాడికి మాట తెలియకపోయినా ఊహ తొందరగా అందుతుంది, ఈ పద్ధతి పనిచేసేది అందుకే.

ఏం చదవాలి అంటే, మీ జేబుకి తగిలే వార్తతో మొదలుపెట్టండి. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్ళింది. రొయ్యలు ఎక్కువగా పోయేది అక్కడికే కాబట్టి చెరువులున్న ఇంట్లో ఆ వార్తలు చదవమని ఎవరూ చెప్పక్కర్లేదు. అదే సంగతిని రెండు మూడు ఇంగ్లీషు పేపర్లలో చదివి చూడండి. ఇంపోజ్, లెవీ, ఎగ్జెంప్షన్, రిటాలియేటరీ, రిప్రీవ్, కార్వ్ అవుట్, ఇవన్నీ వారం తిరక్కుండానే మొహం తెలిసిన మాటలవుతాయి.

ఆ తర్వాత ఒక పెద్ద బేరాన్ని మొదటి నుంచి చివరిదాకా వరసగా చదవండి. నా సలహా భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం. 2022 జనవరిలో చర్చలు మొదలయ్యాయి, ఆ ఏడాది దీపావళికి పూర్తిచేయాలన్న గడువు దాటిపోయింది, 2025 మే 6న కుదిరిందని ప్రకటించారు, జూలై 24న సంతకాలు పెట్టారు. నెల, ఏడాది పేరు పెట్టి నెట్‌లో వెతికితే పాత వార్తలు దొరుకుతాయి. ఏ దశ వార్తల్లో ఆ దశ మాటలే కనిపిస్తాయని మీకే తెలుస్తుంది: మొదట్లో లాంచ్, ఓవర్చర్, మధ్యలో స్టిక్కింగ్ పాయింట్, స్టాల్, ఇంపాస్, చివరికొచ్చేసరికి బ్రేక్‌త్రూ, కన్‌క్లూడ్, ఆఖరున రాటిఫై. మేలో కన్‌క్లూడ్ అయ్యింది జూలైలో సైన్ అయ్యిందంటే ఆ రెండూ ఒకటి కాదని డిక్షనరీ తెరవకుండానే అర్థమైపోయినట్టే. మాట కుదరడం వేరు, కాగితం మీద సంతకం వేరు, ఆ సంతకాన్ని దేశం లోపల ఆమోదించుకోవడం ఇంకా వేరు.

కథలా చదవాలనిపిస్తే 1978 సెప్టెంబరులో క్యాంప్ డేవిడ్‌లో జరిగింది చదవండి. ఈజిప్టు అధ్యక్షుడు సాదత్‌ని, ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్‌ని అమెరికా అధ్యక్షుడు కార్టర్ అక్కడ 13 రోజులు కూర్చోబెట్టాడు. దీని మీద రాసినవి బోలెడు. అక్కడ కార్టర్ మీడియేటర్. మనం పెద్దమనిషినీ మధ్యవర్తి అంటాం, తీర్పు చెప్పేవాడినీ అప్పుడప్పుడు మధ్యవర్తి అనేస్తాం. ఇంగ్లీషులో మీడియేటర్ ఇద్దరినీ కలుపుతాడు, తీర్పు చెప్పే అధికారం అతనికి లేదు, ఆర్బిట్రేటర్ చెబితే కట్టుబడి ఉండాలి. ఆఫీసు కాంట్రాక్టులో ఈ రెండు మాటలూ కలిపేసుకుంటే నష్టం మనకే.

ఇక చదివే తీరు. ముందు వ్యాసం మీ స్థాయికి సరిపోతుందో లేదో చూసుకోండి. భాష నేర్చుకోవడం మీద పరిశోధన చేసిన పాల్ నేషన్ వంటివాళ్ళు చెప్పే లెక్క ప్రకారం, ఎవరి సాయం లేకుండా హాయిగా అర్థం కావాలంటే పేజీలో 98 శాతం మాటలు తెలిసి ఉండాలి, అంటే 50 మాటలకి ఒక్కటి మాత్రమే కొత్తది. మనం నేర్చుకోవడానికి చదువుతున్నాం కాబట్టి 50కి రెండు ఉన్నా పర్వాలేదు. నాలుగైదు ఉంటే ఆ వ్యాసం వదిలేసి అదే వార్త ఇంకో పేపర్లో చూడండి. పరువు తక్కువేమీ కాదు.

మొదటిసారి డిక్షనరీ ముట్టుకోకుండా చివరిదాకా చదవండి. ఎవరు ఏం అడుగుతున్నారు, ఎవరు ఎక్కడ బిగుసుకున్నారు, ఎవరు దిగొచ్చారు, ఈ మూడూ తేలితే చాలు. రెండోసారి చదివేటప్పుడు తెలియని మాటల కింద గీత గీసి, పక్కన మీ ఊహ రాసుకోండి, తెలుగులోనే. ఊహ తప్పయినా రాయాల్సిందే, ఎందుకంటే ముందు ఊహించి తర్వాత అసలు అర్థం చూసినప్పుడు అది బుర్రలో నిలబడినట్టు ఊరికే చూస్తే నిలబడదు. ఆ తర్వాతే డిక్షనరీ. అది కూడా ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషుకి ఉండే లెర్నర్స్ డిక్షనరీ అయితే మంచిది, కేంబ్రిడ్జ్‌దీ ఆక్స్‌ఫర్డ్‌దీ నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి, ఉదాహరణ వాక్యాలుంటాయి, స్పీకరు బొమ్మ నొక్కితే పలుకుతాయి కూడా. రాప్రోష్‌మాఁ (చెడిన దేశాలు మళ్ళీ దగ్గరవడం) లాంటి మాటలకి ఆ బటన్ తప్పనిసరి, రాతలో చివర ‘టి’ ఉంటుంది, నోట్లో ఉండదు. దౌత్యం మాటల్లో ఫ్రెంచి ఎక్కువ, ఎందుకంటే మొదటి ప్రపంచ యుద్ధం దాకా దేశాల మధ్య మాటలు చాలావరకు ఆ భాషలోనే నడిచాయి. (1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న యానాం పక్కనే ఉండి కూడా మనకి ఆ భాష అంటలేదు, ఏం చేస్తాం.)

గీత గీసినవన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కించకండి. ఒక మాట ఇంకో వ్యాసంలో రెండోసారి ఎదురైతేనే ఎక్కించండి. ఎక్కించేటప్పుడు ఒంటరిగా కాదు, దాని పక్కన తిరిగే మాటలతో కలిపి. కన్సెషన్ అంటే మినహాయింపు అని రాసుకుంటే ఏం లాభం లేదు. మేక్ అ కన్సెషన్ అంటే మనం తగ్గడం, ఎక్స్‌ట్రాక్ట్ అ కన్సెషన్ అంటే అవతలివాడి దగ్గర గుంజుకోవడం. డెడ్‌లాక్ అయితే బ్రేక్ చేస్తారు, ఇంపాస్ అయితే రీచ్ అవుతారు, డీల్ అయితే హ్యామర్ అవుట్ చేస్తారు, ట్రూస్ అయితే బ్రోకర్ చేస్తారు. అర్థం తెలిసి జత తెలియకపోతే రాసిన వాక్యం వ్యాకరణం సరిగ్గానే ఉండి కూడా ఎక్కడో ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఇంకో సంగతి, చాలామంది దీన్ని వదిలేస్తారు: ఆ మాట ఎవరి గురించి ఎవరు అన్నారు? ఏ ప్రభుత్వమూ తనని తాను ఇంట్రాన్సిజెంట్ అని చెప్పుకోదు. తను ఫర్మ్, ప్రిన్సిపుల్డ్, రెజల్యూట్. అవతలిపక్షమే ఇంట్రాన్సిజెంట్, ఆబ్డ్యురేట్. మొండితనం ఒకటే, అంటున్నది ఎవరన్నదే తేడా. తగ్గడంలో కూడా మెట్లున్నాయి. కన్సీడ్ అంటే ఒక పాయింటు ఒప్పుకోవడం, కాంప్రమైజ్ అంటే ఇద్దరూ కొంత కొంత దిగడం, అక్వియెస్ అంటే ఇష్టం లేకపోయినా నోరు మూసుకుని ఒప్పుకోవడం, కాపిచ్యులేట్ అంటే చేతులెత్తేయడం. ప్రతిపక్షం కాపిచ్యులేట్ చేశారన్న ఒప్పందాన్నే ప్రభుత్వం కాంప్రమైజ్ అంటుంది. రెండు పక్షాల పేపర్లూ ఒకే రోజు చదవమనేది ఇందుకే. నోట్‌బుక్‌లో ప్రతి మాట పక్కన పొగడ్తా, తిట్టా, మామూలా అని ఒక చిన్న గుర్తు పెట్టుకోండి.

జీఆర్ఈ రాసేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. 2011 ఆగస్టులో ఆ పరీక్ష మారినప్పుడు యాంటనిమ్స్, అనాలజీస్ తీసేశారు. ఇప్పుడు వాక్యంలో ఖాళీ ఇచ్చి ఆరు మాటల్లోంచి ఒకే అర్థం వచ్చేలా రెండు ఎంచుకోమంటారు. బట్టీ పట్టిన అర్థంతో అక్కడ దాకా వెళ్ళొచ్చు, కానీ వాక్యం మెచ్చుకుంటోందా దెప్పుతోందా అన్నది పట్టుకోకపోతే రెండో మాట తప్పుతుంది.

చిన్న మాటల్ని కూడా చులకన చేయకండి. ఎ, ఆన్, ద అనేవి మనకి ఎప్పుడూ తలనొప్పే, తెలుగులో అవి లేవు కాబట్టి. 1967 నవంబరు 22న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 242వ తీర్మానం చేసింది. ఇజ్రాయెల్ సేనలు ఆక్రమిత ప్రాంతాల నుంచి వెనక్కి వెళ్ళాలని. ఇంగ్లీషు ప్రతిలో టెరిటరీస్ ముందు ‘ద’ లేదు. కాబట్టి అన్ని ప్రాంతాలూ వదలాలని లేదని ఒక పక్షం వాదన, ఫ్రెంచి ప్రతి చూస్తే అన్నీ అనే అర్థం వస్తుందని రెండో పక్షం వాదన. అరవై ఏళ్ళు కావస్తున్నా ఆ గొడవ తీరలేదు. అలాగే టేబుల్ అనే క్రియ. బ్రిటన్‌లో, మన పార్లమెంటులో బిల్లు టేబుల్ చేశారంటే సభ ముందు పెట్టారని, అమెరికాలో అయితే పక్కన పెట్టేశారని. అమెరికా క్లయింట్‌తో మీటింగులో ఈ మాట వాడకుండా ఉంటేనే క్షేమం.

చదివింది నోట్లోకి రావాలంటే ఆదివారం పూట ఒక పని చేయండి. ఆ వారం మీ ఇంట్లోనో వీధిలోనో జరిగిన బేరం ఒకటి తీసుకుని నోట్‌బుక్‌లోని మాటలు నాలుగు పెట్టి ఆరు ఇంగ్లీషు వాక్యాలు రాయండి. బాబాయి చెరువు లీజు, పెళ్ళికి ఫంక్షన్ హాలు అద్దె, ఏదైనా సరే. రాసింది పైకి చదివి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. సిగ్గేస్తే గట్టు మీదకి వెళ్ళి చదవండి, వినేవాడు ఎవడూ ఉండడు.

కానీ ఈ మాటలు చదవడానికి, రాయడానికి. నిజంగా బేరం ఆడేచోట కాదు. ఎక్స్‌పోర్ట్ కంపెనీలో కూర్చుని ‘యువర్ పొజిషన్ ఈజ్ ఇంట్రాన్సిజెంట్’ అని మెయిల్ పెడితే ఆర్డరు పోతుంది. అక్కడ వుడ్ యు బి ఓపెన్ టు, వాట్ ఇఫ్ వి, దట్ మైట్ బి డిఫికల్ట్ ఫర్ అజ్ లాంటి మెత్తటి మాటలే పనికొస్తాయి. బేరం బాగా తెలిసినవాళ్ళ మెయిల్స్ చూడండి, చిన్న చిన్న మాటలే ఉంటాయి.

రెండు మూడు నెలలు గడిచి, వార్తలు తేలిగ్గా అనిపించడం మొదలయ్యాక, మన నది మీద జరిగిన బేరమే చదవండి. గోదావరి జలవివాదాల ట్రిబ్యునల్, బచావత్ అధ్యక్షతన, 1980లో ఇచ్చిన అవార్డు, అంటే తీర్పు. అది ఎక్కువ భాగం రాష్ట్రాలు తమలో తాము కుదుర్చుకున్న ఒప్పందాల మీదే నిలబడింది. పోలవరం నుంచి కృష్ణకి మళ్ళించే 80 టీఎంసీల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 45, కర్ణాటకకి 21, మహారాష్ట్రకి 14 అనే పంపకం అందులోదే. ఇలాంటి పత్రాల్లో అపోర్షన్, డైవర్ట్, రైపేరియన్, ఇన్ లూ ఆఫ్, నాట్‌విత్‌స్టాండింగ్, వితౌట్ ప్రెజుడిస్ టు లాంటివి వరస కడతాయి, ఒక్కో వాక్యం అరపేజీ ఉంటుంది. ఒకసారి కూర్చుంటే ఒక్క పేజీ మించకండి. ముందు ‘షల్’ (తప్పక చేయాలని చెప్పే మాట) ఎక్కడుందో గుర్తు పెట్టి, ఎవరు ఏం చేయాలన్నంతవరకు తెలుగులో ఒక ముక్క రాసుకుని, షరతుల సంగతి ఆ తర్వాత చూసుకోండి.